తలమీది పాదుకలు

(అలిపిరిలో జరిగిన స్మారక సభలో చేసిన ఉపన్యాస పాఠం)



మాస్టారి పేరిట ఉపన్యాసం అనగానే విద్య గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నేను వేరే విషయం కోరుకున్నాను. నోరు విప్పకుండా మనుషులు ఒకరికొకరు ఏం చెప్పుకుంటారు, ముఖ్యంగా చేత్తో తాకి ఏం చెబుతారు, తాకకుండా ఉండి ఏం చెబుతారు అన్నది ఆ విషయం. చెవులు వినిపించని పిల్లలకు బతుకంతా పాఠాలు చెప్పిన మాస్టారిని తలుచుకోవడానికి ఇంతకంటే దగ్గరి సంగతి నాకు తోచలేదు. ఆ సంగతి మాట్లాడటానికి తిరుమల కొండ కింది ఈ అలిపిరిని మించిన చోటు కూడా లేదు.

ఇప్పుడు ఇక్కడి పాదాల మండపానికి వెళ్ళి చూడండి. తమిళం మాట్లాడేవాళ్ళు, కన్నడం మాట్లాడేవాళ్ళు, మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్ళు, మన పీలేరు, పలమనేరు వాళ్ళు అందరూ ఒకే పని చేస్తుంటారు. లోహపు పాదుకలను రెండు చేతులతో ఎత్తి తలమీద పెట్టుకుంటారు. గోవిందా అంటూ గుడి చుట్టూ తిరుగుతారు. దించి, వెనక నిలబడిన మనిషి చేతికిస్తారు. ఆ అందుకునే మనిషి ఎవరో, ఏ ఊరో, ఏ కులమో వీళ్ళకు తెలియదు. ఇలా చేయాలని రాసిన బోర్డేదీ అక్కర్లేదు. ముందువాళ్ళను చూసి వెనకవాళ్ళు నేర్చుకుంటారు.

స్వామి ప్రతి రాత్రి కొండ దిగి తిరుచానూరులో అమ్మవారి దగ్గరికి నడిచి వెళ్తాడని, అందువల్ల ఆయన చెప్పులు అరిగిపోతాయని, చెప్పులు కుట్టేవాళ్ళు కొత్త జత కుట్టి సమర్పిస్తారని ఇక్కడి కథ. తిరుమల నంబి దగ్గర రామానుజులు ఏడాది పాటు రామాయణం చదువుకున్నది ఈ కొండ కిందే అనీ, పాఠం వల్ల మధ్యాహ్నం దర్శనం తప్పిపోతున్నదని నంబి బాధపడితే స్వామి పాదాలే ఇక్కడ వెలిశాయనీ ఇంకో కథ. రెండు కథల్లోనూ దేవుడే కిందికి వస్తాడు. ఒక కథలో పండితుడి కోసం వస్తాడు. ఇంకోదానిలో తోలుపని చేసేవాళ్ళు కుట్టిన చెప్పులు తొడుక్కుని వస్తాడు. నాకు ఈ చెప్పుల కథ మీద మనసు ఎక్కువ.

చెప్పుకు మన ఊళ్ళలో ఉన్న చోటు ఏమిటో ఆలోచించండి. గడప బయట విడుస్తాం. పుస్తకానికి గానీ మనిషికి గానీ కాలు తగిలితే వెంటనే వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంటాం. చెప్పు ఎత్తి చూపిస్తే అంతకు మించిన తిట్టు లేదు. తల అన్నిటికంటే పైది, పాదం అన్నిటికంటే కిందిది, పాదాన్ని మోసే చెప్పు దానికంటే కిందిది. ఈ లెక్క మనకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. నడక రాకముందే అమ్మ ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నాం.

ఆ లెక్కతో ఒకప్పుడు మనుషులను ఎలా నిలబెట్టారో పాత తరం వాళ్ళను అడగండి. రాయలసీమ పల్లెల్లో పెద్దకులాల వీధిలో నడవాలంటే దళితుడు చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి. భుజం మీది తువాలు తీసి చంకలో పెట్టుకోవాలి. దప్పికైతే దోసిలి పట్టి వంగాలి, నీళ్ళు పైనుంచి పోస్తారు. కూలి డబ్బులు అరచేతిలో పెట్టరు, కొంచెం ఎత్తునుంచి వదులుతారు. టీకొట్టులో గ్లాసు వేరు. ఇందులో ఎక్కడా ఒక్క మాట లేదు. అందుకే దాన్ని నిలదీయడం అంత కష్టమైంది. తిడితే సాక్ష్యం ఉంటుంది. చెయ్యి వెనక్కి తీసుకుంటే ఏ సాక్ష్యం ఉంటుంది? 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో శిక్షలతో ఒక చట్టం, 1989లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. ఒక దేశం తన రాజ్యాంగంలో తాకడం గురించి ఒక అధికరణం రాసుకోవలసి వచ్చిందంటే ఆ తాకకపోవడం ఎంత లోతుగా మాట్లాడిందో అర్థం చేసుకోవచ్చు.

ఊళ్ళో ఒక మనిషి తన చెప్పులు తానే చేత మోసుకుంటూ నడిచాడు. ఆ ఊరి దొర అలిపిరికి వచ్చి చెప్పులను తలకెత్తుకున్నాడు. ఈ రెండు దృశ్యాలూ ఒకే జిల్లాలో, ఒకే కాలంలో జరిగాయి. మెట్లెక్కి దిగి ఊరికి వెళ్ళాక దొర చెయ్యి మారిందా అంటే, చాలా సార్లు మారలేదు. ఆ మాట నేను దాచను. కానీ దేహానికి ఇంకో రకంగా వంగడం కూడా వచ్చునని ఈ మండపం నేర్పింది. ఆ పాఠం వాడుకోలేదంటే తప్పు మనది.

ఇక్కడే నేలమీద సాష్టాంగపడిన మనిషి శిల్పం ఉంది. అది మాలదాసరిదని చెప్పుకుంటారు. ఇలాంటి శిల్పాలు మన గుళ్ళలో చాలాచోట్ల కనిపిస్తాయి. వచ్చే పోయే భక్తుల పాదధూళి తనమీద పడాలన్నది వాటి వెనక ఉన్న కోరిక. మాలదాసరి కథను ఆముక్తమాల్యదలో చెప్పింది శ్రీకృష్ణదేవరాయలు. గుడి బయట నిలబడి పాడుకునే దాసరి దగ్గర, ఒకప్పుడు బ్రాహ్మణుడై పుట్టి బ్రహ్మరాక్షసుడైనవాడు పాట ఫలం యాచిస్తాడు, చివరికి ఆ దాసరికే మొక్కుతాడు. అదే రాయలు తిరుమల గుడిలో మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో తిరుమలదేవి, చిన్నాదేవిల నడుమ చేతులు జోడించి రాగిబొమ్మగా నిలబడి ఉన్నాడు. ఆ బొమ్మలు పెట్టింది 1517లో. కళింగ యుద్ధాలు గెలిచిన చక్రవర్తి తన శాశ్వత రూపంగా కత్తి పట్టిన చెయ్యిని కోరుకోలేదు, జోడించిన చేతులను కోరుకున్నాడు. శాసనాల్లో రాయించిన బిరుదులు పండితులు చదువుతారు. జోడించిన చేతులను అయిదు వందల ఏళ్ళుగా చదువురాని వాళ్ళు కూడా చదువుతున్నారు.

స్వామి విగ్రహం కూడా చేతులతోనే మాట్లాడుతుంది. కుడిచెయ్యి పాదాల వైపు చూపుతుంది, ఎడమచెయ్యి నడుము దగ్గర ఉంటుంది. పాదాలను ఆశ్రయించినవాడికి సంసార సముద్రం ఇంత లోతే అని ఆ ఎడమచెయ్యి చెబుతున్నదని పెద్దల వ్యాఖ్యానం. ఆ పాదాల కోసమే కింద ఇంత వ్యవహారం.

అలిపిరి నుంచి పైకి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. ఈ దారంతా తాకుతూ సాగే దారి. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టే ఆడవాళ్ళను చూడండి. కాళ్ళతో ఎక్కే మెట్టుకు ముందు వేళ్ళతో క్షమాపణ చెప్పుకుంటున్నారు. తలయేరుగుండు దగ్గర తలా మోకాళ్ళూ రాతికి ఆనిస్తారు. అలా చేస్తే తలనొప్పి, మోకాళ్ళ నొప్పి రావని నమ్మకం. మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళతో ఎక్కేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కొండంతా సాలగ్రామమని, పాదంతో తొక్కడానికి మనసొప్పక రామానుజులు అలా ఎక్కారని చెబుతారు. 1408లో పుట్టిన తాళ్ళపాక అన్నమయ్య చిన్నతనంలో ఇదే చోట చెప్పులతో ఎక్కబోయి అలసి పడుకుంటే, అలమేలుమంగమ్మ కనిపించి చెప్పులు విడవమన్నదని ఆయన కథలో ఉంది. చర్మానికీ రాతికీ నడుమ ఏదీ ఉండకూడదన్నమాట.

ఇక ఇళ్ళలోకి వద్దాం. మన దేహానికి ఉన్న మాటలు ఎన్నో, వాటిని మనం గమనించనైనా గమనించం. మేనత్త చంటిబిడ్డ ముఖం మీదుగా రెండు చేతులూ తిప్పి తన కణతలకు ఆనించి మెటికలు విరుస్తుంది. ఎంత గట్టిగా విరిగితే అంత దిష్టి పోయినట్టు. అవ్వ మనవడి గడ్డం పట్టుకుని, తన వేళ్ళనే ముద్దుపెట్టుకుంటుంది. దేవుడి ముందు చేతులు మడిచి లెంపలేసుకుంటాం. పెళ్ళిలో మంత్రాలు ఎన్ని చదివినా, ముహూర్తం అంటే జీలకర్ర బెల్లం ఒకరి తలమీద ఒకరు పెట్టే ఆ క్షణమే. అంతవరకూ నడుమ తెర ఉంటుంది. మొదటి తాకిడి చేతికి చెయ్యి కాదు, చెయ్యి నడినెత్తికి. చావింట్లో పరామర్శకు వెళ్ళిన ఆడవాళ్ళు ఒకరి మెడ ఒకరు కరుచుకుని ఏడుస్తారు. మగవాళ్ళు అరుగుమీద పక్కపక్కన కూర్చుని గంటసేపు ఏమీ మాట్లాడరు. ఆ గంట కూర్చోవడమే పరామర్శ. ఫోన్‌లో సందేశం పంపి ఊరుకునే అలవాటు పెరిగాక మనం పోగొట్టుకున్నది ఆ గంటే అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

వ్యాపారం కూడా ఇలాగే నడిచింది. మన వైపు పశువుల సంతల్లో దళారులు చేతుల మీద తువాలు కప్పి వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునేవాళ్ళు. చుట్టూ పదిమంది నిలబడ్డా అంకె ఎవరికీ తెలియదు. వేలు నొక్కితే ఒక లెక్క, విడిస్తే ఒక లెక్క. ముఖాలు మాత్రం ఏమీ తెలియనట్టు ఉంటాయి.

ఈ విద్యను శాస్త్రంగా రాసినవాళ్ళు మనకు ఉన్నారు. నందికేశ్వరుడి అభినయ దర్పణంలో ఒంటిచేతి ముద్రలు 28, తల కదలికలు 9, చూపులు 8, మెడ కదలికలు 4. దాన్ని ఇంగ్లీషులో ప్రపంచానికి చూపినవారిలో ఒకరు మన తెలుగువాడు. ఆనంద కుమారస్వామితో కలిసి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య చేసిన అనువాదాన్ని 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ముద్రించింది. నాలుగేళ్ళ తర్వాత, 1921లో, అదే గోపాలకృష్ణయ్య మాట మీద చీరాల పేరాల జనం మున్సిపాలిటీ పన్నులకు నిరసనగా ఊరు విడిచి బయట పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. వేలమంది ఇళ్ళకు తాళాలేసి నడిచి వెళ్ళిపోవడం కంటే స్పష్టంగా ఏ మహజరు మాట్లాడగలదు? చేతివేళ్ళ అర్థాలు తెలిసిన మనిషికి ఒక ఊరి నడక ఏం చెప్పగలదో కూడా తెలిసింది.

ఇక్కడ ఒక పొరపాటు మాటను సరిదిద్దాలి. వ్యక్తిత్వ వికాసం తరగతుల్లో, పోటీ పరీక్షల కోచింగుల్లో, మనం చెప్పేదానిలో మాటల వాటా 7 శాతమేనని, మిగతా 93 శాతం గొంతూ దేహమేనని పిల్లలకు చెబుతున్నారు. ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన అంకెలు అవి. ఒక మాట, దాన్ని పలికిన తీరు, ముఖం ఒకదానికొకటి పొసగనప్పుడు, ఎదుటివాడికి మనమీద ఇష్టమా అయిష్టమా అని దేన్నిబట్టి అంచనా వేస్తామన్నది ఆయన చూసిన చిన్న విషయం. అన్ని సంభాషణలకూ ఆ లెక్క అంటగట్టడం తప్పు. రైలు ఎన్ని గంటలకో ముఖం చూసి చెప్పలేం.

తాకిడి గురించి గట్టిగా తెలిసినవి వేరే ఉన్నాయి. 2006లో అమెరికాలో మాథ్యూ హెర్టెన్‌స్టైన్ బృందం తెర అడ్డం పెట్టి, అపరిచితుల ముంజేతిని తాకి మాత్రమే ఒక భావాన్ని చెప్పమంది. కోపం, భయం, అసహ్యం, ప్రేమ, కృతజ్ఞత, సానుభూతి వంటివి అవతలివాళ్ళు గుడ్డి ఊహకు మించి గుర్తుపట్టారు. చర్మంలో, ముఖ్యంగా వెంట్రుకలున్న చోట, మెల్లగా నిమిరితేనే బాగా స్పందించే నరాలు ఉన్నాయని తేలింది. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగం వాటికి ఇష్టం. అమ్మ తల నిమిరే వేగం దాదాపు అదే. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, నెలలు నిండని బిడ్డలను తల్లి రొమ్ముకు ఆనించి కట్టే పద్ధతి మొదలుపెట్టారు. ఈనాడు ప్రపంచ ఆరోగ్య సంస్థే దాన్ని సిఫారసు చేస్తోంది. తాకిడిని నరాలు ఎలా పసిగడతాయో కనిపెట్టినందుకు 2021లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

ఇప్పుడు మాస్టారి తరగతి గదికి వస్తాను. పాఠం చెప్పేటప్పుడు ఆయన పిల్లవాడి అరచెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టుకునేవారు. క్ అంటే గొంతు వణకదు. గ్ అంటే వణుకుతుంది. ఆ తేడా చెవికి అందనివాడికి అరచేతికి అందుతుంది. పిల్లవాడు తర్వాత తన గొంతు మీద చెయ్యి పెట్టుకుని సరిచూసుకునేవాడు. వెనక బెంచీ వాళ్ళను పిలవాలంటే కాలితో నేల తట్టేవారు, అదురు అందరికీ తెలిసేది. ఇంతవరకే చేసి ఉంటే ఆయన మంచి మాటల మాస్టారు అనిపించుకునేవారు. కానీ పిల్లలు తమలో తాము చేతులతో మాట్లాడుకుంటుంటే ఆయన ఆపలేదు. ఆ రోజుల్లో అది తేలిక కాదు. 1880లో మిలాన్‌లో బధిరుల ఉపాధ్యాయుల మహాసభ సైగలను బడుల నుంచి వెళ్ళగొట్టాలని తీర్మానించింది. ఆ తీర్మానం నీడ ప్రపంచమంతా వందేళ్ళకు పైగా పడింది. సైగ చేసిన చేతులమీద బెత్తం పడింది. 2010లో వాంకూవర్‌లో అదే మహాసభ ఆ తీర్మానాలను తిరస్కరించి విచారం తెలిపింది. అప్పటికి ఎన్ని తరాల పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారో.

ఒక మాట గట్టిగా చెప్పాలి. బధిరుల సైగలను దేహభాషతో కలిపి కట్టకండి. భుజం ఎగరేయడం, చూపు తిప్పుకోవడం దేహభాష. సైగ భాష వ్యాకరణం ఉన్న పూర్తి భాష. 1960లో విలియం స్టోకీ అమెరికా సైగ భాష మీద దాన్ని నిరూపించాడు. మన దేశంలో భారతీయ సైగ భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో వచ్చింది, 2021 నాటికి దాని నిఘంటువులో మాటలు 10,000కు చేరాయి. బధిరులు ఆ భాషలో మనలాగే కవిత్వం చెబుతారు, వాదిస్తారు, అబద్ధమాడతారు, జోకులేస్తారు. మన మొహంలో చిరాకు మాత్రం మనకంటే ముందే పట్టేస్తారు.

మాస్టారు పిల్లల భుజం పైభాగం తప్ప ఇంకెక్కడా తాకేవారు కాదు. ఎవరైనా వెనక్కి జరిగితే వెంటనే చెయ్యి తీసేసేవారు. తాకిడిని ఇంత పొగిడినవాడిని నేను ఈ సంగతి దాటేయకూడదు. నోరు లేని పిల్లలను చెయ్యి ఎంత ఆదుకుంటుందో అంత గాయపరుస్తుంది. 2012లో పోక్సో చట్టం వచ్చింది. 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం, చర్మానికి చర్మం తగలలేదు గనక ఒక కేసు ఆ చట్టంలోని లైంగిక దాడి కిందికి రాదంది. అదే ఏడు నవంబరు 18న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. చూడవలసింది లైంగిక ఉద్దేశాన్ని, నడుమ బట్ట ఉందా లేదా అన్నది కాదని చెప్పింది. తాకిన చేతి అర్థం ఏమిటో పిల్లలకు తెలుసు. చెప్పడానికి వాళ్ళకు మాటలు, వినడానికి మనకు ఓపిక కావాలి. సైగలు రాని పోలీస్ స్టేషన్లో ఒక బధిర బాలిక ఏం చెప్పగలదు?

ఈ కొండకు వచ్చేవాళ్ళకూ అడుగడుగునా పరాయి చెయ్యి తగులుతుంది. అలిపిరి తనిఖీ కేంద్రంలో రోజూ వేలమందిని తడిమి పంపుతారు. పైన కల్యాణకట్టలో మంగలి చెయ్యి తలమీద నీళ్ళు రాచి, రెండు వేళ్ళతో మెడ వంచుతుంది. పుట్టువెంట్రుకలు తీయించే బిడ్డ మేనమామ ఒళ్ళో గుక్కపెడుతుంటే, ఆ చెయ్యి ఒక క్షణం ఆగి చెంప తట్టి మళ్ళీ మొదలుపెడుతుంది. భాష తెలియని పరాయి మనిషికి తల అప్పగించే చోటు అది. నాకు ఆ మంగళ్ళ చేతులమీద చాలా గౌరవం. ఇక చివరికి, గంటల తరబడి వరసలో నిలబడి స్వామి సన్నిధికి చేరేసరికి, జరగండి జరగండి అంటూ ఒక చెయ్యి వీపు మీద పడుతుంది. ఆ సేవకుల ఇబ్బంది నాకు తెలుసు, వెనక జనం ఆగరు. కానీ అరచెయ్యి చాపి వీపుకు ఆనించి దారి చూపించడం వేరు, రెక్క పట్టుకుని లాగడం వేరు. ముసలివాళ్ళు ఇంటికి వెళ్ళి చాలాకాలం చెప్పుకునేది రెండోదే. 2020 జూన్‌లో దర్శనాలు మళ్ళీ తెరిచినప్పుడు, కరోనా భయంతో తీర్థం లేదు, శఠారి లేదు. దర్శనమైతే అయింది గానీ తలమీద శఠారి పడలేదే అని బాధపడ్డవాళ్ళను నేనే ఎందరినో చూశాను.

అందుకని ఈ వేదిక మీద నుంచి రెండు విన్నపాలు. వరసలో నిలబడే సేవకులకు శిక్షణలో, ఏం చెప్పాలన్న దానితో పాటు చెయ్యి ఎక్కడ, ఎలా వేయాలో కూడా నేర్పండి. ఒక పూట చాలు. రెండోది, మెట్లదారిలోనూ క్యూ కాంప్లెక్సులోనూ ప్రకటనలు ఎక్కువగా మైకులోనే వస్తాయి. వాటిని బోర్డుల మీద కూడా చూపించండి. సైగ భాష వచ్చిన సేవకులను ప్రతి పూటా కొందరిని ఉంచండి. ఆ పని నేర్పడానికి మనుషులను వెతకనక్కర్లేదు. మాస్టారి శిష్యులు ఇక్కడే ఉన్నారు, వాళ్ళలో కొందరు ఈ పాటికే ఇతరులకు నేర్పుతున్నారు. నా ఉపన్యాసాన్ని ఇంతసేపూ ఇక్కడ పక్కన నిలబడి సైగల్లో చెబుతున్నది కూడా వారిలో ఒకరి కూతురే. ప్రశ్నలుంటే నన్ను కాదు, వాళ్ళను అడగండి. ఆమె తెలుగులోకి మారుస్తుంది.